తిరుగు కవరు

ఆ లంక ఊరికి నేను బ్రాంచి పోస్టుమాస్టరుగా వెళ్ళిన రెండో నెలలో అంగన్‌వాడీ టీచరు గారి పేరిట ఒక కవరు వచ్చింది. పొడుగాటి గోధుమరంగు కవరు, చేతికి కాస్త బరువు తగిలింది. దాని మీది చేతిరాత నాకు అప్పటికే తెలుసు. ఊళ్ళో ఫారాలు నింపుకోలేనివాళ్ళందరికీ ఆవిడే నింపిపెట్టేవారు. గుండ్రటి అక్షరాలు, దీర్ఘాలు కొంచెం ఎగిరినట్టు ఉంటాయి. అంటే తన చిరునామా తనే రాసుకున్నారన్నమాట.

నేను వెళ్ళేసరికి పిల్లలు పప్పన్నం తింటున్నారు. ఆవిడ ఒక పిల్లకి ముద్దలు కలిపి పెడుతున్నారు.

"ఏంటి టీచర్‌గారూ, మీకు మీరే ఉత్తరాలు రాసుకుంటున్నారా?" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని, చెంగుకి తుడుచుకుని, కవరు అందుకున్నారు. రెండు వేళ్ళ మధ్య దాని మందం చూసుకున్నారు. విప్పకుండానే కోడిగుడ్ల అట్టల కింద పెట్టేశారు.

"అప్పుడప్పుడూ రాసుకుంటానండీ," అన్నారు.

వారం తిరక్కుండా పోస్టాఫీసుకి వచ్చారు. పోస్టాఫీసంటే నేను అద్దెకుంటున్న ఇంటి ముందుగదే. ఒక టేబులు, తూకం, తారీకు ముద్ర, గోడకి పథకాల పోస్టరు. ఆవిడ రెండు కవర్లు తెచ్చారు. ఒక కవరు మీద పత్రిక చిరునామా, రెండోదాని మీద తన చిరునామా. రెండింటికీ స్టాంపులు అంటించి, రెండోదాన్ని మడిచి మొదటిదాంట్లో పెట్టారు. అప్పటికి నాకు సంగతి అర్థమైంది.

"కథాండీ?" అన్నాను.

ఆవిడ తలుపు వైపు ఒకసారి చూశారు. "ఎవరితో అనకండి. మా ఆయనకి తెలుసు, ఏమీ అనడు. ఊళ్ళోవాళ్ళకి తెలిస్తే మటుకు రోజూ అడుగుతారు, పడిందా పడిందా అని. ఆ అడగటం నేను తట్టుకోలేనండీ."

వాళ్ళాయన పడవ మీద వేటకి వెళ్ళే మనిషి. ఆవిడ అవనిగడ్డలో ఇంటరు దాకా చదివి, పెళ్ళయ్యాక ఈ లంకకి వచ్చారు. నలభై దాటి ఉంటాయి. పిల్లల హాజరు రిజిస్టరు లోపలి అట్టకి ఒక పత్రికలోంచి కత్తిరించిన చీటీ అతికించుకున్నారు, రచయితలకు సూచనలు అని. కాగితానికి ఒకవైపే రాయాలి. అచ్చులో నాలుగు పేజీలు మించకూడదు. అనువాదం కాదని, అనుకరణ కాదని, మరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జతచేయాలి. తిరిగి కావాలనుకునేవారు స్టాంపులు అంటించిన సొంత చిరునామా గల కవరు పంపాలి.

"కొంతమంది తిరుగు కవరు పెట్టరంట," అన్నారొకసారి. "నాది నా దగ్గరికి రావాలండీ. అక్కడెక్కడో చెత్తలో పడుందంటే నాకు మనసొప్పదు."

మాది మొవ్వ దగ్గర పల్లెటూరు. పదో తరగతి మార్కుల మీద వచ్చిన ఉద్యోగం నాది. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్ళాలి కాబట్టి నాగాయలంక దాటి, పంటు మీద కృష్ణ పాయ దాటి, ఆ ఊరు చేరాను. బస్సులోంచి దిగినవాళ్ళనీ, మోటారుసైకిళ్ళనీ, మేతమోపుల్నీ అన్నింటినీ ఆ పంటు మీదే అవతలి ఒడ్డుకి చేరుస్తారు. రోజూ పొద్దున్నే దాని మీద వెళ్ళి టపా సంచి తెచ్చుకునేవాణ్ణి. గుడివాడలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ సంచికలో నాది ఒక పేజీ అచ్చయింది. మా ఊరి కాలవ గురించి నాలుగు పేరాలు, కింద నా పేరు, పక్కన బి.కాం. రెండో సంవత్సరం. ఆ తర్వాత ఏదీ రాయలేదు. టైము లేదని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. నిజానికి ఎక్కడికి పంపాలో తెలియలేదు, పంపితే ఏమవుతుందోనని భయం కూడా ఉంది. ఆ కవర్లు నా చేతుల మీదుగా వెళ్ళి వస్తుంటే, వదిలేసిన దాని మీద మనసు మళ్ళీ పోసాగింది.

సంచి విప్పగానే ముందు గోధుమరంగు కవరు ఉందా అని చూడటం అలవాటైంది. ఉంటే తిరిగొచ్చినట్టు. లేకపోతే ఇంకా ఆశ ఉన్నట్టు. తిరిగొచ్చిన రోజున ఆ దారిన వెళ్ళబుద్ధయ్యేది కాదు. ఊరంతా తిరిగి, అందరి ఉత్తరాలూ ఇచ్చి, ఆఖరికి అంగన్‌వాడీకి వెళ్ళేవాణ్ణి. ఆవిడ నా ముఖం చూసి చెయ్యి చాపేవారు.

మరుసటి ఏడు వానాకాలంలో ఒకరోజు పంటు ఏటి మధ్యలో ఉండగా పెద్ద జల్లు కొట్టింది. సంచి మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా గాలికి లేచిపోయింది. ఒడ్డుకి చేరి గదికి వచ్చి చూస్తే అడుగునున్న ఉత్తరాలన్నీ తడిసిపోయాయి. గోధుమరంగు కవరు జిగురు ఊడి నోరు తెరుచుకుంది. లోపల కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. అలాగే వదిలేస్తే సిరా కలిసిపోయి కథే మిగలదు. మెల్లగా విడదీసి టేబులు మీద, మంచం మీద, కిటికీ గట్టు మీద పరిచి, ఎగిరిపోకుండా తూకపురాళ్ళూ, ముద్రా, తాళంకప్పా పెట్టాను.

ఆరబెట్టడం వరకే నా పని. చదవడం తప్పు. ఇంకొకరి కవరులోది చదవకూడదని ఉద్యోగంలో చేరిన మొదటిరోజే చెప్పారు. అయినా చదివాను. కిటికీ దగ్గరున్న ఏడో పేజీ ముందు ఆరింది. అందులో ఒకావిడ తలుపు ద్వారబంధాన్ని భుజాన ఎత్తుకుని గట్టు వెంట నడుస్తోంది. ఎందుకు మోస్తోందో తెలియదు. తరువాత రెండో పేజీ ఆరింది, ఆ తరువాత అయిదు. నది ప్రతి రెండుమూడేళ్ళకీ లంకని కొంచెం కోసుకుపోతుంది. ఆమె ముసలి అత్తగారితో పాటు ఇల్లు వెనక్కీ వెనక్కీ జరుపుకుంటూ, ప్రతిసారీ గోడలు వదిలేసి ద్వారబంధం ఒక్కటే ఊడదీసి తెచ్చుకుంటుంది. చివరి పేజీలో ఇంక జరగడానికి చోటులేక ఆ ద్వారబంధాన్ని చెల్లెలి ఇంటి కంచెకి ఆనించి పెట్టి, దాని పక్కనే కూర్చుంటుంది. అంతే కథ.

ఆ సాయంత్రం నాకు వంట చెయ్యబుద్ధి కాలేదు. రోజూ నేను నడిచే గట్టే అది. ఆ కోత నేనూ చూశాను. చూసి, పంటుకి టైమవుతోందని నడిచి వెళ్ళిపోయాను.

మర్నాడు కాగితాలు వరసలో పెట్టి, కొత్త కవరులో పెట్టి, పాత కవరు కూడా జతచేసి తీసుకెళ్ళాను.

"టీచర్‌గారూ, తప్పు జరిగింది. పంటు మీద తడిసిపోయింది. ఆరబెడుతూ చదివానండీ."

ఆవిడ కాగితాలు తిరగేశారు. సిరా పాకిన చోట వేలితో తడిమారు. కోప్పడతారనుకుని నిలబడ్డాను.

"అంతా చదివారా?"

"అంతా చదివానండీ."

"ఎట్టా ఉందండీ?"

"బాగుందండీ, చాలా బాగుంది."

"బాగుంటే వెనక్కెందుకొచ్చిద్ది?" అన్నారు. గొంతులో కోపం లేదు. "మీరు చదివేటప్పుడు ఎక్కడన్నా ఆగారా? అది చెప్పండి."

నేను ఆలోచించాను. ఒకచోట నిజంగానే ఆగాను. "ఆ అత్తగారు మాట్లాడేది ఇక్కడి మనిషి మాట్లాడినట్టు లేదండీ. పాఠంలో మాట్లాడినట్టుంది."

ఆవిడ అత్తగారి మాటలున్న పేజీ వెతికి తీశారు. పిల్లలు పలకలు సర్దుకుంటున్నారు.

"అచ్చులోకి వెళ్ళాలంటే అట్టా ఉండాలనుకున్నానండీ," అన్నారు చివరికి. "మన మాటలు రాస్తే ఏమనుకుంటారో అని భయం."

నెల తర్వాత అదే కథ మళ్ళీ రాసి నాకిచ్చారు. ఈసారి అత్తగారు నోరు తెరిస్తే పంటు మీద బస్తా పక్కన కూర్చున్న ముసలమ్మ మాట్లాడినట్టే ఉంది. అప్పటినుంచి ఏది రాసినా కవరులో పెట్టకముందు నా టేబులు మీద పెట్టేవారు. "తమ్ముడూ, ఇదిగో" అనేవారు. నేనూ అక్కా అనడం మొదలుపెట్టాను. చదివి, ఆగిన చోట పెన్సిలుతో చుక్క పెట్టేవాణ్ణి. ఎందుకాగానో చాలాసార్లు నాకే తెలిసేది కాదు. ఆవిడకి తెలిసేది. ఒక్కోసారి వాదించుకునేవాళ్ళం. ఒక కథలో ఆవిడ కొట్టేసిన పేరా నాకు నచ్చి, వద్దక్కా ఉంచండని బతిమాలాను. ఉంచారు. ఆ కథా తిరిగొచ్చింది. నావల్లే వచ్చిందేమోనని నాలుగురోజులు ఆవిడకి ఎదురుపడలేకపోయాను.

అప్పుడు కరోనా వచ్చింది. నాగాయలంక బస్టాండు పక్క కొట్టులో వారపత్రికలు తాడుకి క్లిప్పులతో వేలాడదీసేవారు. బళ్ళు మళ్ళీ తిరగడం మొదలయ్యాక వెళ్ళి చూస్తే ఆ క్లిప్పులకి మాస్కులు వేలాడుతున్నాయి. "పత్రికలు రావట్లేదండీ, కొన్ని మూసేశారంట," అన్నాడు కొట్టాయన. అక్కకి చెబితే నమ్మలేదు. తనే ఒకరోజు పంటు దాటి వెళ్ళి చూసుకుని వచ్చారు. వచ్చి, రిజిస్టరు అట్టకున్న చీటీని పీకేద్దామనుకుని, కొసన గోటితో గీరి, మళ్ళీ వదిలేశారు.

కొన్నాళ్ళకి నా ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. ఒక ఇంటర్నెట్ పత్రిక ప్రత్యేక సంచిక కోసం కథలు ఆహ్వానిస్తోంది. యూనికోడ్‌లో టైపు చేసి ఈమెయిల్లో మాత్రమే పంపాలి, చేతిరాత ప్రతులు పరిశీలించరు. అక్క దగ్గర అప్పటికి మామూలు ఫోనే ఉంది.

"నేను టైపు చేస్తానక్కా," అన్నాను.

ద్వారబంధం కథే ఎంచుకున్నాం. ఊళ్ళో సిగ్నలు అంతంతమాత్రం. రేవు దగ్గర బాగా వస్తుంది. సంచి తెచ్చుకుని పంటు కోసం ఎదురుచూసేటప్పుడు రేవులో సిమెంటు దిమ్మ మీద కూర్చుని, ఆవిడ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో టైపు చేసేవాణ్ణి. పదకొండు రోజులు పట్టింది. ఒక్కో అక్షరం కొడుతుంటే ఆవిడ వాక్యం ఎలా కడతారో తెలిసింది. ఏడుపు వచ్చే చోట చిన్న మాట వేసి ముందుకి వెళ్ళిపోతారు. నేనైతే అక్కడ నాలుగు వాక్యాలు రాసేవాణ్ణి. ఆ రేవులోనే మొదటిసారి నాకూ రాయాలని ఉందని నాకు నేను ఒప్పుకున్నాను.

ఆవిడ పేరుతో మెయిల్ తెరిచి, పక్కన కూర్చోబెట్టుకుని పంపాను.

"వెళ్ళిందా?"

"వెళ్ళిందక్కా."

"ఇంతేనా? ముద్ర వెయ్యక్కర్లేదా?" అని నవ్వారు. తర్వాత నెమ్మదిగా అడిగారు, "వాళ్ళకి నచ్చకపోతే ఎట్టా తెలుసుద్ది?"

ప్రకటనలో రాసినదే చెప్పాను. "రెండు నెలల్లో జవాబు రాకపోతే ఎంపిక కానట్టేనట."

"అయితే రాకపోవటమే జవాబన్నమాట," అన్నారు. ఆ మాట ఆవిడకి అస్సలు నచ్చలేదు. కవరు వెనక్కొస్తే బాధపడి, పిల్లల చేతులు కడిగి, ఇంటికి వెళ్ళి మళ్ళీ రాసుకునేవారు. ఇప్పుడు రోజూ ఎదురుచూపే. నేను అటు వెళ్ళిన ప్రతిసారీ ఏమీ అడక్కుండా చూసేవారు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. రెండు నెలలు అలాగే గడిచాయి. తరువాత ఆవిడ చూడటం మానేశారు, నేనూ ఆ మెయిల్ తెరవడం మానేశాను.

ఆ ఏడే మొవ్వ పక్క ఊళ్ళో ఖాళీ వచ్చింది. బదిలీ అడుక్కునే అవకాశం మా ఉద్యోగంలో మాటిమాటికీ రాదు. దరఖాస్తు పెట్టేటప్పుడు అక్కకి చెప్పలేదు. ఉత్తర్వు వచ్చాక చెప్పాను.

"మంచిదేగా, ఇంటి దగ్గరికి వెళ్తున్నావు," అన్నారు. తన డైరీ తెరిచి నా ముందు పెట్టారు. "ఆ మెయిల్ పాసువర్డు ఇందులో రాసిపెట్టు. మా చెల్లెలి కూతురు వచ్చినప్పుడు చూపిస్తాను." రాశాను. నేను పంటు ఎక్కేటప్పుడు ఆవిడ అంగన్‌వాడీ కేంద్రంలోనే ఉన్నారు. పిల్లల్ని వదిలి రావడానికి లేదు.

కొత్త ఊళ్ళో స్థిరపడ్డాక ఒక మధ్యాహ్నం ఫోనులో ఏదో వెతుకుతుంటే ఆవిడ మెయిల్ ఇంకా నా ఫోనులో తెరిచే ఉందని కనిపించింది. చూడొచ్చా వద్దా అని కాసేపు ఆగాను. చూశాను. ఇన్‌బాక్సులో ఏమీ లేదు. పనికిరాని మెయిళ్ళు పడే స్పామ్ అరలో మాత్రం ఆ పత్రిక నుంచి ఒకటి ఉంది. మీ కథ ప్రత్యేక సంచికకు ఎంపికైంది, నాలుగు రోజుల్లోగా హామీపత్రం, ఫోటో పంపండి అని. అది వచ్చి మూడు వారాలైంది. వాళ్ళు చెప్పిన రెండు నెలలూ దాటి ఎంతో కాలమైన తర్వాత పంపారు.

ఆ స్పామ్ సంగతి ఆవిడకి నేను ఎప్పుడూ చెప్పలేదు. నాకే తట్టలేదు. ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. అటునుంచి పిల్లల గోల వినిపిస్తోంది.

"ఎంచుకున్నారన్నమాట," అన్నారు అక్క.

"అవునక్కా. కానీ గడువు..."

"చివరిదాకా చదివారన్నమాట."

"చదివారక్కా."

"సరేలే," అన్నారు. ఆ సరేలేలో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు. బాధ ఉంది, కానీ అది ఒక్కటే కాదు.

నేను ఆ సంపాదకులకి క్షమాపణ రాశాను. లంక సంగతి, సిగ్నలు సంగతి, తప్పు నాదేనన్న సంగతి రాశాను. ప్రత్యేక సంచిక వెలువడిపోయింది, మామూలు సంచికలో వేస్తామని జవాబొచ్చింది. అక్క చెల్లెలి కూతురు ఫోటో తీసి పంపింది. అంగన్‌వాడీ గోడ మీది అక్షరమాల ముందు నిలబడి, కొంచెం బెదిరినట్టున్నారు. నెలన్నర తరువాత కథ వచ్చింది. నేను గుడివాడ వెళ్ళి, కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో అచ్చు తీయించి పంపాను. కింద పాఠకులు ఆరుగురు అభిప్రాయాలు రాశారు. వాటిని ఫోనులో నాచేత చదివించుకున్నారు. ఒకరు మా అమ్మమ్మ మాట విన్నట్టుందని రాశారు. "అది మళ్ళీ చదువు," అన్నారు. మళ్ళీ చదివాను.

ఇక వరసగా రాస్తారనుకున్నాను. రాయలేదు. కేంద్రం పనంతా ఫోనులోకి వచ్చింది. పిల్లల బరువు, ఎత్తు, ఫోటోలు, అన్నీ ఎక్కించాలి. సిగ్నలు కోసం ఆ ఫోను పట్టుకుని రేవుకి నడవాలి. "ఇంటికొచ్చేసరికి కూర్చోబుద్ధి కాదు తమ్ముడూ. కలం పట్టుకుంటే బరువులే గుర్తొస్తన్నాయి," అన్నారు. ఏడాదిన్నర గడిచింది. నేను మాత్రం కనిపించిన ప్రతి ప్రకటనా ఆవిడకి వాట్సాప్‌లో పంపుతూనే ఉన్నాను. ఉగాది పోటీ, దీపావళి పోటీ, ఎవరో తల్లిదండ్రుల జ్ఞాపకార్థం పెట్టిన పోటీ, కొత్తవాళ్ళకి మాత్రమే అన్న పోటీ. చూసినట్టు గుర్తు పడేది. జవాబు ఉండేది కాదు. తనకి పంపే సాకుతో నేనే వాటన్నింటినీ చదువుకునేవాణ్ణి.

నేను ఈమధ్య రెండు కథలు రాశాను. రెండూ పంపాను. రెండింటికీ రాకపోవడమే జవాబైంది. చదివి, ఇక్కడ ఆగానని చెప్పేవాళ్ళు నాకు ఈ ఊళ్ళో లేరు. పక్కింటాయనకి ఒకటి చదివి వినిపిస్తే చాలా బాగుందండీ అన్నారు. అంతకన్నా ఏమంటారు పాపం. సాయంత్రాలు టపా పని అయిపోయాక, ఆ లంకలో నా టేబులుకి అవతల స్టూలు మీద కూర్చుని నేను చదువుతుంటే నా పెన్సిలునే చూసే ఆ మనిషి కోసం మనసు కొట్టుకునేది. నాది కూడా ఒకటి పంపిద్దామా అనుకుని, ఆవిడే రాయలేక బాధపడుతుంటే నా కథ చదవమనడం బాగుండదని ఊరుకున్నాను.

పోయిన నెల ఆఫీసు పని మీద బందరు వెళ్ళాను. అక్కడ గ్రంథాలయం నోటీసుబోర్డు మీద ఒక కథల పోటీ కాగితం ఉంది. చేతిరాత ప్రతులూ పంపవచ్చని అందులో రాసి ఉంది. ఆ వాక్యం చూసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఫోటో తీసి అక్కకి పంపాను. ఎప్పటిలాగే చూసినట్టు గుర్తు పడింది. తిరుగు బస్సులో బందరు దాటుతుండగా ఫోను మోగింది.

"తమ్ముడూ, ఆ కాగితంలో చివరి తేదీ దగ్గర మడత పడింది. ఎంతని ఉంది?"

"ముప్పయ్యో తారీకక్కా. రాస్తున్నారా?"

"ఎన్ని పేజీలన్నారు?"

"పది దాకా రాయొచ్చు. అక్కా, రాస్తున్నారా?"

బస్సు చప్పుడులో ఆవిడ గొంతు సరిగ్గా వినపడలేదు. "తెలవదు," అన్నట్టనిపించింది. తర్వాత స్పష్టంగా, "నువ్వేమన్నా రాస్తన్నావా?" అని అడిగారు.

ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. "రాశానక్కా, రెండు," అన్నాను.

"మరి నాకెందుకు పంపలా?" అన్నారు, నిజంగా కోపంగా.

ఆ రాత్రే పంపాను. మూడోరోజు ఫోన్ చేసి, రెండో కథలో నేను ఏడుపు చోట నాలుగు వాక్యాలు ఎక్కువ రాశానని చెప్పారు. తీసేశాను. దాన్నే ఆ పోటీకి పంపాను. ముప్పయ్యో తారీకు దాటింది. ఆవిడ పంపారో లేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఫలితాలు వచ్చే నెల అన్నారు. పొద్దున సంచి విప్పేటప్పుడు ఇప్పుడు నాకే ఏదన్నా వచ్చిందేమోనని చూసుకుంటున్నాను. అక్క రాశారా లేదా అని మాత్రం రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాను.